వండేవి, తినేవి

అమ్మకు,

నీ రెండో కూతురు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను, ఆయన, పిల్లది కులాసా. నీ కంటి కట్టు విప్పారని అన్నయ్య రాశాడు, మనసు కుదుటపడింది. చుక్కల మందు మానకు. ఉత్తరం వాడే చదివి వినిపిస్తాడు కాబట్టి వాడికీ ఒక మాట: అన్నయ్యా, రైలు పోతున్నట్టు చదవకు.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు. మేడ మీది గది కురవడం లేదు. పిల్లదానికి ముందు పళ్ళు రెండూ ఊడాయి, వాగుడు మాత్రం తగ్గలేదు. నీళ్ళ పరీక్షల గదిలో నీ పాత స్టూలు ఇంకా నాదే. కొత్తగా చేరిన అమ్మాయి దానిమీద కన్నేసింది గాని, నేను కదల్లేదు.

ఇక జలాశయం లెక్క. "బ్యాక్టీరియా ఇంతింత తగ్గిపోతోంది, తినేవేమో పిడికెడు లేవు. మరి తింటున్నదెవరే?" అని నీ ఉద్యోగమంతా తల బద్దలు కొట్టుకున్నావు కదా. దొంగ దొరికింది. మన బంగారమే!

అవును, నువ్వు ముద్దుపేరు పెట్టిన, మైక్రోస్కోపులో తప్ప కనబడని ఆ రెండు తోకల పసిడి నాచు చుక్కే. ఎండను పట్టుకునే రంగు ఒంట్లో ఉంది కదా అని, నువ్వు గీసిన పట్టీలో దాన్ని ఎప్పుడూ 'వండేవి' గడిలోనే వేశాం. 'తినేవి' వైపు పోనివ్వలేదు. పోయిన నెల ఒక సీసాలో, నీళ్ళలోవాటిని లెక్కకు ఉన్నవున్నట్టు చంపి నిలవుంచే అయోడిన్ మందు వెయ్యడం మరిచాను. నువ్వుంటే నా వీపు విమానం మోత మోగేది. టీ తాగి వచ్చి ఆ నీళ్ళు అలాగే మైక్రోస్కోపు కింద పెట్టాను. బంగారం ఒక బ్యాక్టీరియాను తోకతో దగ్గరకు లాక్కుని గుటుక్కున మింగింది. ఇంకోటి కూడా మింగింది. అప్పుడు మందు వేసి చూశాను. మందు తగలగానే మింగినది కక్కేసి, ఏమీ ఎరగనట్టు ఉండిపోయింది. నీళ్ళు తీసిన క్షణంలోనే, గట్టు మీదే మందు వెయ్యాలన్నది నీ పట్టుదల. మనం జాగ్రత్త పడిన కొద్దీ అది తప్పించుకుంది.

ఎండతో వండుకుంటుంది. నీళ్ళలో దానికి కావలసిన ఉప్పులు కరువైతే బ్యాక్టీరియా మీద పడుతుంది. ఆయనతో చెబితే, "ఇంట్లో వండుకుని పక్కింట్లో కూడా తినే యోగం దానికుందన్నమాట" అన్నారు.

పెద్దసారు సంబరపడిపోయారు. ఇది నేను కనిపెట్టానని పై ఆఫీసుకు రాస్తామన్నారు. ఆ కాగితం వెళితే నా ఉద్యోగానికి 'తాత్కాలికం' అన్న మాట పోతుంది. తొమ్మిదేళ్ళుగా దాని కోసమే కాచుకుని ఉన్నానని నీకు తెలుసు.

అన్నయ్యా, ఇక్కడితో ఆపు. మిగతాది అమ్మ తనే చదువుకోవాలి, ఎన్ని రోజులు పట్టినా సరే. అక్షరాలు పెద్దవి చేస్తున్నాను.

అమ్మా, పాత లెక్కలు సరిచెయ్యడానికి నీ నోటుబుక్కులు దింపాను. పద్దెనిమిదేళ్ళ కిందటి దాంట్లో, అంచున, నీ పెన్సిలు రాత: "ఈరోజు మందు ఆలస్యమైంది. వెయ్యకముందే చూస్తే బంగారం కడుపులో ఏదో ఉంది. తింటుందా? సారుతో చెప్పాలి." దాని కింద: "చెప్పాను. నవ్వారు." ఆ తర్వాత నువ్వా సంగతి ఎక్కడా రాయలేదు. అయినా తింటున్నదెవరే అని నన్ను అడుగుతూనే వచ్చావు. ఎందుకు అడిగావో ఇప్పుడు తెలిసింది.

ఆ వాక్యాలన్నీ నేను రబ్బరుతో చెరిపేశాను.

పొరపాటున కాదు, తెలిసే చేశాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను. నాలుగు రోజులు మా ఆయనతో కూడా చెప్పుకోలేకపోయాను. ఐదో రోజు నోటుబుక్కు పట్టుకుని పెద్దసారు దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన పేజీ అటూ ఇటూ తిప్పి, "ఖాళీగా ఉంది కదమ్మా, ఏం చూడమంటావు?" అన్నారు.

నువ్వు పెన్సిలు నొక్కిపెట్టి రాస్తావు. రాత పోయింది గాని గాడి పోలేదు. కిటికీ దగ్గర కాగితాన్ని ఏటవాలుగా పట్టుకుంటే 'నవ్వారు' దాకా చదవడానికి వచ్చింది. పెద్దసారు రెండుసార్లు చదివారు. నవ్వలేదు. పై ఆఫీసు కాగితంలో నా పేరు కొట్టివేయించి నీ పేరు రాయించాను. నా ఉద్యోగం మాట ఆయన ఎత్తలేదు, నేనూ అడగలేదు.

నన్ను తిట్టాలనుకుంటే అన్నయ్య చేత రాయించకు. నీ చేత్తోనే రాయి, గట్టిగా నొక్కి.

ఇట్లు,
నీ రెండో కూతురు