చట్నీ డబ్బాలో అన్నం

సుగుణా, బాగున్నావా అని అడగబోయి ఆగాను. నువ్వు పోయి పదకొండు నెలలైంది. నేను బాగానే తిరుగుతున్నాను. నిన్నటి నుంచి మాత్రం నీ ఫొటో వైపు చూడలేకపోతున్నాను...

మన పక్క చేను దానియేలు గుర్తున్నాడు కదా? మన మడి ఎండిపోతుంటే నీళ్లు తన చేనికి మళ్లించుకున్న మహానుభావుడు. ట్రాక్టర్ బోల్తా పడి కాలు విరిగింది. నంద్యాల ఆసుపత్రిలో ఒక్కడే ఉన్నాడు. భార్య ఆళ్లగడ్డలో కూతురి కాన్పు వదిలి రాలేకపోయింది.

శత్రువుకు ఆకలైతే అన్నం పెట్టమనే ఆ పాత యూదుల సామెత నువ్వు పిల్లలకు నేర్పేదానివి. సగంలోనే ఆపేదానివి. అలా పెడితే వాడి తలమీద నిప్పులు పోసినట్టే, సిగ్గుతో కాలిపోతాడు, దేవుడు నీకు ప్రతిఫలం ఇస్తాడు అనే మిగతా సగం చెప్పవేం అని నేను దెప్పేవాణ్ణి. "నీకు నిప్పులే కావాల. అన్నం యాడ గుర్తుంటాదిలే" అనేదానివి. నన్నెంత బాగా ఎరుగుదువో...

నిన్న చర్చిలో ఆరాధన అయ్యాక సంఘపెద్దలు దానియేలును చూడబోతున్నారని తెలిసి, సరిగ్గా ఆ వేళకే శిరివెళ్ల నుంచి బస్సెక్కి పోయాను. నువ్వు చట్నీ పెట్టే చిన్న డబ్బాలో అన్నం, గోంగూర పప్పు. వాడు తల దించుకోవాలి, పెద్దలు నన్ను మెచ్చుకోవాలి. మెచ్చుకున్నారు కూడా.

దానియేలు తల దించుకున్నాడు... తినడానికి. నాలుగు ముద్దల్లో అయిపోయింది. డబ్బా అంచు వేలితో తుడిచి నాక్కుని, ఇంకొంచెం ఉందాప్పా అని మెల్లగా అడిగాడు. పొద్దుటి నుంచి ఏమీ తినలేదట.

లేదు సుగుణా. ఆయన ఆకలి తీరేంత నేను తీసుకుపోలేదు. సిగ్గుపడేంతే తీసుకుపోయాను. పెద్దల ముందు ఏదో గొణిగి, డబ్బా తీసుకుని వచ్చేశాను. ఆ సిగ్గు ఇంకా నన్ను వదల్లేదు.

ఆ సామెత చెప్పినవాళ్లు ప్రతిఫలం ఆశ ఎందుకు పెట్టారు? ఆశ చూపకపోతే నాలాంటివాడు గరిటె పట్టడనా? తప్పు వాళ్లమీదికి నెట్టేద్దామని చూశాను. కుదరలేదు.

రేపు మళ్లీ పోతాను, ఎవరూ లేని వేళకు. ఈ సిగ్గు కడుక్కోవడానికే పోతున్నానేమో... అదీ స్వార్థమేనా? నువ్వుంటే ఏదో ఒకటి అనేదానివి.

ఏమైనా పోతాను. నా బుద్ధి ఎలాంటిదైనా, ఆయన ఆకలి ఆకలే కదా. ఇంకొంచెం అని ఆయన అడిగినన్నిసార్లూ వడ్డించి వస్తాను.

నీ మొగుడు,
యోహాను