తిమింగలం పుస్తకానికి వారసుడు

రెండు వేల ఇరవై నాలుగు, మార్చి పద్నాలుగు, గురువారం. బట్టలు ఇస్త్రీ చేసే తండ్రికీ, అపార్ట్‌మెంట్ మెట్లు కడిగే తల్లికీ కూతురిని, ఇరవై ఏడేళ్ళ వయసుదాన్ని, గ్రంథాలయం మరమ్మతు గదిలో పుస్తకాలకు అట్టలు వేసే ఉద్యోగం చేస్తున్నదాన్ని అయిన నేను, ఎవరో చెబితే కాదు, ఎవరికో భయపడి కాదు, మనసు కుదురుగా ఉండగా నా చేతులతో నేనే రాసుకున్న వీలునామా ఇది.

తెలివి సరిగ్గా ఉందనడానికి రుజువు కావాలంటే, ఈ ఉదయం పద్నాలుగు పుస్తకాలకు కవర్లు తొడిగాను. ఒక్కటీ బిగుసుకోలేదు, ఒక్కటీ వదులు కాలేదు. మరమ్మతు గదికి వచ్చి చూసుకోవచ్చు.

సోమవారం నా గుండెలో ఒక కవాటం మారుస్తారు. డాక్టరుగారు "భయపడకమ్మా, మేం రోజూ చేసేదే" అన్నారు. నేనూ రోజూ చేసే పనే చేస్తాను. రోజూ చేసే పనిలోనూ ఒక్కోసారి చెయ్యి జారుతుందని నాకు తెలుసు. అందుకే ఈ కాగితం.

మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటి మనిషిని నేను. వీలునామా రాస్తున్న మొదటి మనిషినీ నేనే. మా తాతలకు రాయడానికి చదువు లేదు, ఇవ్వడానికి ఆస్తి లేదు. నాకు రెండూ ఉన్నాయి. ఆస్తి అంటే అరవై మూడు గట్టి అట్ట పుస్తకాలు, నా పనిముట్లు. పెళ్ళి కాలేదు కాబట్టి వాటా అడిగేవారు లేరు. బ్యాంకు సంగతి ఆసుపత్రి కాగితాల్లో రాసిచ్చాను. ఇక్కడ దాని ఊసు ఉండదు.

1. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత మా అన్నయ్యది. వ్యాను నడుపుతాడు, మాట తప్పడు. అడిగినప్పుడు "నాకెందుకే ఈ కోర్టు గొడవ? సోమవారం నువ్వు లేచి కూర్చుని ఈ కాగితం చింపుతావు చూడు" అన్నాడు. చింపడం నా వృత్తి కాదని చెప్పాను. పుస్తకాలను వ్యానులో తీసుకెళ్ళేటప్పుడు నిలబెట్టాలి, పడుకోబెట్టకూడదు. బ్రేకు మెల్లగా వేయాలి. ఈ సేవకు ప్రతిఫలంగా, చిన్నప్పుడు నా లెక్కల పుస్తకంలో కాగితాలు చించి విమానాలు చేసినందుకు అతణ్ణి పూర్తిగా క్షమిస్తున్నాను.

2. మా అమ్మకు: పుస్తకాలకు కవర్లు వేసే పారదర్శకమైన ఫిల్ము నా దగ్గర మిగిలినదంతా, రెండు చుట్టలు. ఒకటి విప్పనిది. కవరు వేయడం అనే విద్య నాకు కాలేజీలో రాలేదు, అమ్మ దగ్గరే వచ్చింది. టీవీ రిమోటుకు కవరు, కుర్చీకి కవరు, గొడుగుకి ఇంకో గొడుగంత కవరు. "తీస్తే మాసిపోతుందే" అంటుంది. అలా ఆరేళ్ళు దాచిన గోడ గడియారం కవరులోనే ఆగిపోయింది. అయినా కొత్తదానిలా ఉందని ఇప్పటికీ అందరికీ చూపిస్తుంది. ఫిల్ము ఆమె ఇష్టం వచ్చినదానికి వాడుకోవచ్చు. నా ఫొటోకి మాత్రం వద్దు.

అమ్మకు అక్షరాలు రావు. ఫోను నంబర్ల నోటుబుక్కులో మనుషులకు బదులు బొమ్మలు గీసుకుంది: వ్యాను బొమ్మ అన్నయ్య, ఇస్త్రీ పెట్టె నాన్న, పుస్తకం నేను. దానికి రెండు పొరల కవరు వేసి ఉంచాను. అది ఆమెదే, నాది కాదు. ఊరికే చెబుతున్నాను, చేసిన పనుల్లో నాకు బాగా నచ్చినది కాబట్టి.

3. గ్రంథాలయం పెద్ద మేడమ్ గారికి: మొదట్లో మరమ్మతు గది గుమ్మం పక్కన ఉండే ఆకుపచ్చ చెత్తబుట్ట. అది ఎలాగూ గ్రంథాలయం సొత్తే, అయినా కారణం రాసి పెట్టాలి. గట్టి అట్ట పుస్తకాలకు పైన విడిగా ఒక బొమ్మల కాగితం తొడిగి వస్తుంది. డస్ట్ జాకెట్ అంటారు. నేను ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో మేడమ్ గారు "పుస్తకమంటే లోపలిది కదమ్మా, పై కాగితం ఎన్నాళ్ళు నిలుస్తుంది? తీసి పారేయండి" అన్నారు. కొత్తగా వచ్చిన నాలుగు వందల పుస్తకాల జాకెట్లు ఆ బుట్టలో పడ్డాయి. నేను వాటిని ఏరుకుని, రెండు నెలలు భోజన విరామాల్లో ఒక్కొక్కటీ ఏ పుస్తకానిదో వెతికి, కవరు వేసి, తిరిగి తొడిగాను. ఎవరూ చేయమనలేదు. ఆ తర్వాత పాఠకులు ఆ అరల దగ్గరే ఆగడం మొదలుపెట్టారు. మేడమ్ గారు బుట్టను మాత్రం నా గదికి దూరంగా జరిపించారు.

న్యాయంగా ఇంకో మాట కూడా రాయాలి. పోయిన ఏడాది ఆవిడ తన సొంత పుస్తకం ఒకటి చీర కొంగు కింద దాచుకుని తెచ్చి, జాకెట్ చిరిగిన చోటు చూపించి, "ఇదొక్కటి చూస్తావా?" అన్నారు. చూశాను. నా కోపంలో ముప్పావు వంతు అప్పుడే పోయింది. మిగిలిన పావు ఆ బుట్టతో పాటు ఆవిడకే.

4. నా కుర్చీలో కూర్చోబోయే వారికి: అంచులు నొక్కి మడిచే మడత పుల్ల, ఉక్కు స్కేలు, ఈ మాటలు. ఏడేళ్ళలో పదకొండు వేల పైచిలుకు జాకెట్లకు కవరు వేశాను. వాటిలో ఒక్కదానికి కూడా జిగురు అంటలేదు. ఇది గొప్ప కోసం చెబుతున్నాను, వినండి. టేపు కవరుకే అంటాలి, జాకెట్‌కు అంటకూడదు. పై అంచు ముందు మడవాలి, కింది అంచు తర్వాత. అట్ట లోపలికి మడిచే పక్క చెవుల కొలత పుస్తకం మూసి ఉండగానే తీయాలి. తెరిచి తీస్తే, మూసినప్పుడు వదులై ముడతలు పడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, మీరు వేసినది రేపు ఎవరైనా తీయాలనుకుంటే, అడుగున జాకెట్ మీరు చూసినట్టే బయటికి రావాలి. రాదు అనుకుంటే వేయకండి.

5. బైండింగు తాతకు: ఏమీ లేదు. ఈ వృత్తిలో నా గురువు ఆయనే. పక్షపాతం అనిపించుకోకుండా, సాక్షి సంతకం పెట్టేవారికి ఆస్తి రాయకూడదని నోటరీ గుమస్తా చెప్పారు. ఆ మాట చెబితే తాత కళ్ళజోడు పైకెత్తి, "అంటే అమ్మాయ్, నీకు సాక్షిగా నిలబడినందుకు నాకు జరిమానా అన్నమాట" అన్నారు. అవును తాతా. క్షమించండి.

6. అరవై రెండు పుస్తకాలు, ఇంట్లో అవి ఉన్న అర, అరకు వేసిన తెర, అన్నీ మా నాన్నకు. ఇది చదివి అన్నయ్య "నాన్నకెందుకే? చదవలేడు కదా" అంటాడు. ఆ ప్రశ్నకు జవాబు కిందే ఉంది.

7. అరవై మూడవ పుస్తకం కూడా మా నాన్నకే.

అది సముద్ర జీవుల బొమ్మల పుస్తకం. నా పదమూడవ ఏట బడిలో బహుమతిగా వచ్చింది. జాకెట్ మీద నీలి తిమింగలం ఉంటుంది. మా ఇంటికి వచ్చిన మొదటి గట్టి అట్ట పుస్తకం అదే. ఇంటికి తెచ్చేసరికి సంచిలో నలిగి, తిమింగలం తోక దగ్గర ముడతలు పడ్డాయి. నేను ఏడ్చాను.

జాకెట్‌ను నాన్న 'పుస్తకం చొక్కా' అనేవాడు. మర్నాడు నేను బడికి వెళ్ళాక దాన్ని తాను ఇస్త్రీ చేసే లాండ్రీకి తీసుకెళ్ళాడు. చొక్కాలు పెట్టే పల్చటి ప్లాస్టిక్ సంచిని కత్తిరించి, జాకెట్ మీద నాలుగంచులూ సరిగ్గా మడిచి, పట్టుబట్టకు పెట్టినంత వేడి మాత్రమే పెట్టి, ఇస్త్రీ చేశాడు. నలిగిన చొక్కాకు ఆయన చేసేది అదే. ప్లాస్టిక్ కరిగింది. తిమింగలం వీపు మీద అంటుకుపోయి, చల్లారాక ముద్దలా గట్టిపడింది.

సాయంత్రం దాన్ని నా చేతికిస్తూ "తోక సాపైంది గానీ, వీపు దగ్గరే..." అని ఇంకేదో చెప్పబోయాడు. నేను చెప్పనివ్వలేదు. అమ్మ ముందు, అన్నయ్య ముందు, "చదువు రాని చేతులతో నా పుస్తకాలు ముట్టుకోవద్దు" అని అరిచాను.

నాన్న ఆ మాట పాటించాడు. పద్నాలుగేళ్ళు. అర తుడవాల్సి వస్తే అమ్మను పిలుస్తాడు. నేను మంచం మీద పుస్తకం వదిలేసి వెళితే, తాను నేల మీద కూర్చుంటాడు. డిగ్రీ పట్టా వచ్చిన రోజు ఇరుగుపొరుగు అందరూ చేతుల్లోకి తీసుకుని చూశారు. నాన్న చేతులు వెనక్కి కట్టుకుని, వంగి చూశాడు. "బాగుంది తల్లీ, ముద్ర బాగా పడింది" అన్నాడు.

మరమ్మతు గదిలో చేరిన మొదటి వారం, తాత నా ముందు ఒక జాకెట్ పరిచి, దాని మీద పారదర్శకమైన ఫిల్ము పెట్టి, నాలుగంచులూ మడిచి చూపించారు. ఇదే పని నాన్న ఎవరూ చెప్పకుండా, ఇలాంటి వృత్తి ఒకటి ఉందని కూడా తెలియకుండా, చొక్కా సంచితో చేశాడు. వేడి ఒక్కటే తప్పు. మిగిలినదంతా సరైనదే. మా ఇంట్లో చదువుకున్న మొదటి మనిషిని నేనే కావచ్చు. పుస్తకానికి పారదర్శకమైన కవరు వేసిన మొదటి మనిషి మాత్రం మా నాన్న. ఆ వరసలో నేను రెండోదాన్ని. అలా రాసుకోవడం నాకు గర్వం.

కరిగిన ప్లాస్టిక్ తీయడానికి వీలు కాదు, తాతకే చేతకాలేదు. వేరే ప్రతి నుంచి కొత్త జాకెట్ తెప్పిస్తానన్నారు, వద్దన్నాను. ఆ ముద్ద మీదుగానే నేను కొత్త కవరు వేశాను. ఏడేళ్ళ పనిలో నా చేతికి అంతకన్నా మంచి మడత రాలేదు.

షరతు ఒకటే. నాన్న ఈ పుస్తకాన్ని తన రెండు చేతులతో తీసుకోవాలి. అమ్మను పిలవకూడదు. నేను అన్న మాట తప్పు. అది ఆ రోజే వెనక్కి తీసుకోవాల్సింది.

ఈ ఏడవ అంశం ఒక్కటి మాత్రం నా చావు దాకా ఆగకూడదు. శనివారం లాండ్రీకి వెళ్ళి నేనే చదివి వినిపిస్తాను.

సవరణ, మార్చి పదహారు, శనివారం:

వెళ్ళాను. ఆవిరి మధ్య, వేలాడుతున్న చొక్కాల కింద నిలబడి ఏడవ అంశం మొత్తం చదివాను. నాన్న ఇస్త్రీ పెట్టెను నిలబెట్టి విన్నాడు. మధ్యలో ఎవరో బట్టలు అడగడానికి వస్తే, "ఆగు బాబూ, మా అమ్మాయి చదువుతోంది" అన్నాడు. అయ్యాక కొళాయి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. ఉతికిన తువ్వాలుతో వేలు వేలూ తుడుచుకున్నాడు. నేను పుస్తకం అందించాను. రెండు చేతులతో తీసుకున్నాడు.

వెలుతురులోకి తిప్పి చూశాడు. వీపు మీది ముద్దను బొటనవేలితో ఒకసారి తడిమాడు. తర్వాత పై అంచు వెంట, చొక్కా కాలరు చూసినట్టే, ఈ చివర నుంచి ఆ చివరిదాకా వేలు పోనిచ్చి, ఆగాడు.

"ఇక్కడ నూలుపోగంత వంకర వచ్చింది తల్లీ. నేను వేసింది చెడిపోయింది గానీ, వంకర మాత్రం రాలేదు" అన్నాడు.

పుస్తకాన్ని తిరిగి ఇవ్వలేదు. ఉతికిన బట్టలు పెట్టే పై అరలో, అన్నిటికన్నా పైన పెట్టుకున్నాడు. "సోమవారం గడవనీ. ఇంటికి వచ్చాక ఇద్దరం కూర్చుని విప్పి, మళ్ళీ వేద్దాం. పుల్ల నువ్వు పట్టు, అంచు నేను పడతాను" అన్నాడు.

కాబట్టి ఏడవ అంశం కొట్టివేయడమైనది. ఆ పుస్తకం ఇప్పుడు మా నాన్నది. ఇవ్వడానికి నా దగ్గర లేదు. నాలుగవ అంశంలోని మడత పుల్లను నేను ఇంటికి వచ్చేదాకా ఎవరూ తీసుకెళ్ళకూడదు. మిగిలిన అంశాలు యథాతథం.

ఇంకొకటి. వచ్చేముందు నా సంచిలోని ఉక్కు స్కేలు పెట్టి ఆ అంచు కొలిచి చూశాను. నాన్న చెప్పింది నిజమే.

పై వీలునామాకూ ఈ సవరణకూ కలిపి, ఇద్దరు సాక్షులు చూస్తుండగా, ఈ శనివారం సాయంత్రం సంతకం చేస్తున్నాను.

(సంతకం)
అట్టలు వేసే అమ్మాయి, గ్రంథాలయం మరమ్మతు గది

సాక్షులు:
1. బైండింగు తాత (సంతకం, పక్కన ఆయన చేతి రాతతో: "జరిమానా కట్టాను")
2. ఎదురింటి దర్జీ అక్క (సంతకం)