నాన్నగారి నమూనా పారవేయవద్దని

వైరస్ పరీక్షల ప్రయోగశాల ముఖ్యాధికారి గారి సముఖమునకు, తమ కార్యాలయం మెట్ల పక్కన బల్ల వేసుకుని అర్జీలు టైపు చేయు వ్యక్తి, ఈసారి తన కొరకే టైపు చేసుకొన్న విన్నపము.

అయ్యా,

విషయం: మా ఇంటి మూడు నమూనాలను ధ్వంసం చేయకముందే పోల్చి చూసి, వైరస్‌ను ఇంట్లోకి తెచ్చినది ఎవరో తేల్చవలసినదిగా కోరుట – గురించి.

1. మహమ్మారి కాలంలో మా నాన్నగారు, నేను, నర్సుగా పనిచేయు మా చెల్లెలు ఒకే వారంలో జబ్బుపడితిమి. నాన్నగారు దక్కలేదు. మా ముగ్గురి గొంతు నమూనాలు తమ ఫ్రీజర్‌లో ఉన్నవి. పాత నమూనాలన్నీ ఈ నెలాఖరుకు ధ్వంసం చేయబడునని తమ నోటీసు చూసి ఈ అర్జీ టైపు చేయుటకు కూర్చొంటిని.

2. ఏ ఊరికీ చెడ్డపేరు రాకూడదని పెద్దలు ఈ వైరస్‌కు అక్షరాలూ అంకెలూ కలిపి పేరు పెట్టిరి. సంతోషము. మా వీధివారు మాత్రం 'నర్సమ్మ జబ్బు' అని పెట్టిరి. ఊళ్లకిచ్చిన మర్యాదలో పిసరంతైనా మా చెల్లెలికి ఇవ్వలేదు.

3. "నేనే తెచ్చానన్నయ్యా, నాన్నని నేనే పొట్టన పెట్టుకున్నాను" అంటూ అది ఉద్యోగం మానేసినది. నాన్నగారి గది గడప తొక్కుట లేదు. ఆ రోజుల్లో అది డ్యూటీ నుంచి వచ్చి, పెరట్లోనే స్నానం చేసి, వరండాలో పడుకుని, కిటికీలోంచి కంచం అందుకునేది. మరి నేనో? నాకు అప్పటికే దగ్గు. తెలిస్తే బల్ల ఎత్తేయిస్తారని, కుళాయి తిప్పి ఆ చప్పుడులో దగ్గేవాడిని. మాస్కు తీసేసి నాన్నగారికి గడ్డం గీసితిని. "ఊపిరి వెచ్చగా తగులుతోందేంట్రా?" అన్నారాయన. "ఎండకి నాన్నా" అన్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను సార్.

4. తమ ల్యాబ్ టెక్నీషియన్ గారు టీ తాగుతూ సెలవిచ్చినది: "వైరస్ తనని తాను కాపీ చేసుకునేటప్పుడు అక్కడక్కడా తప్పులు పడతాయండీ. ఆ తప్పు ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందో చూస్తే దారి దొరకొచ్చు. ఒక్కోసారి దొరకదు కూడా." ఇది నాకు బాగా బోధపడినది. పాత అర్జీ మీద కొత్తది టైపు చేయునప్పుడు, మురుగుకాలువ వాక్యమొకటి ఎవరిదో ఉద్యోగం అర్జీలోకి వచ్చి పడును. పక్క బల్లవాడు నాది చూసి కొట్టినచో, వాడి దాంట్లోనూ అదే కాలువ పారును.

5. కావున తాము దయతో ముగ్గురివీ పోల్చి చూసి, ఫలితం నా పేరున వచ్చినచో మా చెల్లెలికి రిజిస్టర్డ్ పోస్టులో పంపి, నకలొకటి మా వీధి మొదట్లో అంటించవలెను. దాని పేరున వచ్చినచో, కాగితాలు పోగొట్టుటలో తమ కార్యాలయమునకు గల అనుభవము మాయందు కూడా చూపవలెను. ఏమీ తేలకపోయినా నా పేరే వేయండి. నేను అడ్డు చెప్పను.

ఇన్నేళ్లుగా ఊరందరి తరఫునా తమను చిత్తగించవలెనని కోరితిని. ఈ ఒక్కటీ నా తరఫున చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మెట్ల పక్క టైపు బల్లవాడు

తా.క.: కవరు అంటించబోతుంటే పక్క బల్లవాడు నోరు జారాడు. మొన్న మా చెల్లెలు వాడి దగ్గర తమకే ఒక అర్జీ టైపు చేయించుకుందట. "మా అన్నయ్య పేరున వస్తే ఆ కాగితం బయటికి రానివ్వకండి, నేనే తెచ్చానని రాసెయ్యండి" అని. ముందు ఆ అర్జీని పోగొట్టండి సార్. కుళాయి తిప్పి దగ్గినా దానికి వినబడిందన్నమాట.