పై గుండీ

1986 మార్చి 4, మంగళవారం
పొద్దున్నే స్టేషన్ నుంచి కానిస్టేబుల్. "కెమెరా పట్టుకుని రావయ్యా, శవం ఫోటో తియ్యాలి." వెళ్లాను. వెనక వరండాలో చాప మీద యేసురత్నం. మిరపకోతల కూలీ. కల్లంలో బస్తాలు దొంగిలించాడని నిన్న మధ్యాహ్నం పట్టుకెళ్లారు. మూర్ఛ వచ్చి పోయాడట. ఎస్సై గారు చెప్పారు. నేనేమీ అడగలేదు.

అలవాటు కొద్దీ చొక్కా పై గుండీ పెట్టాను. ఇరవై ఏళ్ల అలవాటు... పెళ్లికొడుకైనా సరే, కాలరు సర్దందే ఫోటో తియ్యను. మూడు తీశాను.

మార్చి 5
ప్రింట్లు ఇచ్చాను. ఎస్సై గారు కిటికీ దగ్గర పెట్టి చూసుకున్నారు. "నీటుగా తీశావయ్యా." టీ తెప్పించారు. తాగాను కూడా.

మార్చి 8
బజారంతా అదే మాట. కూలి పెంచకపోతే పేట నుంచి ఒక్కరూ కోతకి రారని ఆ కల్లం రైతు మొహం మీదే చెప్పింది యేసురత్నమేనట. మూడో రోజుకే దొంగతనం కేసు. పోయాయన్న బస్తాలు ఆ రైతు కొట్టంలోనే, పరదా కింద దొరికాయట. మరి ఎందుకు పట్టుకెళ్లినట్టు? ఆ రైతు జీపులో ఎస్సై గారు తిరగడం అందరూ చూసిందే. ఇన్నేళ్లు ఎండలో రాని మూర్ఛ స్టేషన్ నీడలో వచ్చిందా?

ఇవన్నీ ఇక్కడ రాస్తున్నాను. అక్కడ టీ తాగొచ్చాను.

మార్చి 11
ఇరవయ్యో తేదీన ఆర్డీవో గారి విచారణ. నాకూ కాగితం వచ్చింది. పోస్టుమార్టంలోనూ మూర్ఛ అనే రాశారట. ఒంటి మీద దెబ్బల్లేవనడానికి నా ఫోటోలే సాక్ష్యమట. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, కాగితం తెచ్చిన బంట్రోతు ముందే కాలరు తడుముకున్నాను.

మా ఆవిడ సీత అంటుంది — "ఫోటోలో ఏముందో అదే చెప్పండి. పోలీసోళ్లతో మనకెందుకండీ?"

ఫోటోలో ఏమీ లేదు. అదే కదా.

మార్చి 12
అన్నం సయించడం లేదు.

మార్చి 15
నాలుగో తేదీన రాసింది అబద్ధం. ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధమే రాసుకున్నాను, సిగ్గులేని వెధవని.

ముందు చూశాను. చెవి కింద నుంచి గొంతు మీదుగా కమిలిన చార, వేలెడు వెడల్పు. చూసి తలెత్తాను. గుమ్మంలో ఎస్సై గారు. నన్నే చూస్తున్నారు. అప్పుడు పెట్టాను గుండీ. భయమేసింది. నన్నెవరూ పెట్టమనలేదు.

మార్చి 19
యేసురత్నం భార్య మరియమ్మ వచ్చింది. "ఆయన ఫోటో ఇంకోటి లేదయ్యా. మీరు తీసిందే పెద్దది చేసియ్యండి, గోడకి పెట్టుకుంటా." అప్పటికప్పుడు చేసిచ్చాను. చాలాసేపు చూసింది.

"ఈ గుండీ ఎవరు పెట్టారయ్యా? ఏనాడూ పెట్టుకోలా ఆయన. మిరప దుమ్ము పట్టిన కాలరు రాసుకుంటే మెడ మండుద్దనేవోడు."

ఫోటో ఆమె చేతిలోంచి తీసుకుని బల్ల మీద పెట్టాను.

"మీరు ఫోటోలు దిద్దుతారంటగా. ఆ గుండీ ఒక్కటీ తీసెయ్యండయ్యా, అచ్చం ఆయన్లాగే ఉంటాడు. రేపు విచారణ అయినాక వచ్చి తీసుకెళ్తా."

సరేనన్నాను.

ఫోటో బల్ల మీద ఉంది. బ్రష్ తడిపాను. ఆరిపోయింది. మళ్లీ తడిపాను. గుండీ చెరపడం ఎంత పని... చెరిపాక కింద మెడ వెయ్యాలి. మచ్చ లేని మెడ వెయ్యనా, నేను చూసిన మెడ వెయ్యనా?

విచారణ రేపు పదింటికి.