కొమ్ముల డబ్బా వద్దు

నీలోఫర్ అమ్మా,

నేను గుడివాడ వెళ్తున్నా, సాయంత్రానికొస్తా. కంప్యూటర్ షాపు చాంద్ మధ్యాహ్నం రెండు వైఫై రౌటర్లు తెస్తాడు. ఆరు కొమ్ములున్నది వద్దు. మీ ఆయన బిలాల్ దానికే పడిపోతాడు, పట్టించుకోకు. కొమ్ములు లేకపోయినా లోపల డిస్కున్నదే ఉంచు. ఇంట్లో కంప్యూటర్లలో ఉన్నదంతా అదే రోజూ నకలు తీసి దాచుకుంటుందంట. నీ కంప్యూటరేమో ఉబ్బసమొచ్చినట్టు ఆయాసపడుతోంది. అది గుటుక్కుమంటే నువ్వు గీసిన గాజుల డిజైన్లన్నీ పోతాయి. పెళ్లిళ్ల ఆర్డర్లు ఎట్టా ఇస్తాం?

"నకలెందుకు నాన్నా, దండగ" అన్నాడు మీ ఆయన. చిలకలపూడిలో పుట్టి రోల్డుగోల్డు చేసేవాడు అనాల్సిన మాటేనా? అసలుని బీరువాలో పెట్టించి, నకలుని మెడలో వేయించి ఊరిని కాపాడేది మనమేగా. ఆ రోజు ముగ్గురు దొంగలు మన గొలుసులు ఎత్తుకుని గిలకలదిండి దాకా పోయి, బంగారం కాదని తెలిసి ఏడుస్తూ తిరిగొస్తే నేనే టీ ఇచ్చి పంపాను.

అన్నం తిని కాసేపు పడుకో. పనిలో పడి నీ కళ్లు గుంటలు పడ్డాయి.

మీ మావయ్య,
అల్లాబక్షు

అన్నట్టు, నీ పెళ్లిలో నేను ఆ దొంగల కథ చెప్తుంటే తీసిన వీడియో నీ కంప్యూటర్లో ఉంది. డబ్బా బిగించకముందే దాన్ని తీసెయ్. అందులో దొంగ ఒక్కడే.