మందు పంపు ఎన్నాళ్లు ఆడాలి

జులై 7, సోమవారం

పొద్దున్న కొట్టు తలుపు తీయగానే ఏదో ఘాటు వాసన. అక్వేరియం నీళ్లు పాలు కలిపినట్టు తెల్లగా ఉన్నాయి. నియాన్ చేపలు తొమ్మిదీ చచ్చి తేలాయి. ఏంజెల్ చేపలు రెండూ పైకొచ్చి నోళ్లు తెరిచి గాలి మింగుతున్నాయి. నీటి మొక్కలకు రోజూ కొంచెం కొంచెంగా మందు పోసే పంపు... దాని సీసా ఖాళీ. నెలంతా రావలసిన మందు ఒక్క రాత్రిలో తొట్టెలోకి దిగిపోయింది.

బకెట్లతో నీళ్లు మార్చాను. సగం. మళ్లీ సగం. మా ఆయన ఫ్యాన్ల బేరం వదిలేసి నీళ్లు మోశారు. మావయ్య కుర్చీలోంచి చూస్తూనే ఉన్నారు. నిరుడు మాఘంలో పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయాక ఆయన కోసమే కొన్నాం ఈ తొట్టెను. నలభై ఏళ్లు ఇదే కొట్లో మిక్సీలు బాగుచేసిన మనిషి. ఊరికే కూర్చున్నప్పుడు కళ్ల ముందు ఏదో ఒకటి కదులుతూ ఉండాలని.

జులై 8

ఏంజెల్స్ బతికాయి. మావయ్య అన్నం ముట్టలేదు.

జులై 9, బుధవారం

పంపు అమ్మినతనికి ఫోన్ చేశాను. కొని పద్నాలుగు నెలలే. ఇది ఎన్నాళ్లు రావాలండీ, అంటే — "చెప్పలేం మేడమ్. కొందరికి అయిదేళ్లు. కొందరికి ఏడాది. కొత్తది తీసేసుకోండి."

మా ఆయన విని — "పారెయ్యి దాన్ని. తొట్టి కూడా తీసేద్దుము. మళ్లీ ఇలాగయితే నాన్న సూడలేడు."

మావయ్య అక్కడే ఉన్నారు. అన్నీ వింటున్నారు.

జులై 10, గురువారం

పంపును చెత్తబుట్టలో వేయబోతుంటే వెనకనుంచి గొంతు. "ఇలా తే, అమ్మి."

ఆయన తనంతట తాను ఒకటి అడిగి ఎన్ని నెలలయింది! ఒళ్లో తువ్వాలు పరిచి పంపు పెట్టాను. ఎడమ చేత్తో స్క్రూడ్రైవర్. జారింది. మళ్లీ జారింది. నేను అందుకోబోతే — "ఉండు."

నాలుగు మరలు. ముప్పావు గంట.

లోపల వేలెడంత రబ్బరు గొట్టం. చిన్న చక్రాలు తిరుగుతూ దాన్ని నొక్కుతుంటే మందు ముందుకు జరుగుతుందట. ఆ నొక్కుడు పడే చోట గొట్టం అరిగిపోయింది. చక్రం ఎంత నొక్కినా దారి మూసుకోవడం లేదు.

"మోటారు సుబ్బరంగా ఉంది. గొట్టవే పోయింది. సీసా... ఎక్కడెట్టేవు?"

తొట్టి పై అరలో, అన్నాను.

"అదీ. పైనెడితే... దానంతటదే దిగిపోదేటి?"

అంటే తొమ్మిది చేపలూ నా వల్లే. మావయ్య సగం మూతితో నవ్వారు. "నాను ఎన్ని మోటార్లు కాల్సేనో... నీకేటి తెల్సు!"

రాత్రి రెండుసార్లు అన్నం వడ్డించాను ఆయనకు.

జులై 13, ఆదివారం

ఆసుపత్రి సెలైను గొట్టం ముక్క ఉంటే వేసి చూశాం. ఒకసారి నొక్కితే మళ్లీ లేవలేదు. రెండు రోజులకే పంపు ఆగింది. మావయ్య దాన్ని పక్కకు తోసేసి గోడవైపు తిరిగి కూర్చున్నారు. ఇక అయిపోయిందనుకున్నాను.

జులై 17

మా ఆయన సరుకు కోసం రాయగడ వెళ్లి, వచ్చేటప్పుడు మెత్తటి సిలికాన్ గొట్టం రెండు గజాలు పట్టుకొచ్చారు. నేను చెప్పలేదే!

"నాన్నే ఫోన్ సేసేడు. నొక్కి సూసి తెమ్మన్నాడు. వదిల్తే ఎంటనే లెగాలంట."

మావయ్య ఫోన్ చేశారు. ఎడమ చేత్తో. నంబరు వెతుక్కుని.

జులై 18

బిగించాం. ఆయన పట్టుకున్నారు, నేను తొడిగాను. సీసా ఇప్పుడు నేల మీద. మందు బదులు మంచినీళ్లు పోసి, తొట్టిలోకి కాకుండా గ్లాసులోకి వదిలాం. రోజూ వచ్చిన నీటిని సిరంజితో కొలవడం. ఇవాళ సరిగ్గా వచ్చింది.

జులై 21

మూడు రోజులూ అంతే కొలత. నిన్న రాత్రి మందు పోశాం. నిద్ర పట్టలేదు. తెల్లారి చూస్తే నీళ్లు తేటగా ఉన్నాయి.

ఆగస్టు 2

మొక్కలు కొత్త చిగురు వేశాయి. మా ఆయన తొట్టి తీసేద్దాం అనడం మానేశారు. ఇక ఎన్నాళ్లు ఆడుతుంది మావయ్యా, అని అడిగాను.

"గొట్టం ఏడాదికోసారి మార్సు, బాగున్నా సరే. మోటారు సంగతి ఎవుడికెరిక? వారానికోపాలి గ్లాసెట్టి కొలుసుకో. తక్కువొస్తే అప్పుడు ఇప్పుదుము."

ఇప్పుదుము, అన్నారు. ఇద్దరం కలిసి విప్పుదాం అన్నట్టు.

ఆగస్టు 5, మంగళవారం

బోరిగుమ్మ నుంచి ఒకావిడ కాలిపోయిన మిక్సీ సంచిలో పెట్టుకుని వచ్చింది. రిపేర్లు మానేశామని చెప్పబోయాను. ఆవిడ నన్ను దాటుకుని మావయ్యనే అడిగింది, ఒడియాలో — "ఠిక్ హెబో?"

"హెబో," అన్నారు. బాగవుతుందని! నా వైపు చూడనే లేదు.

రేపు పదకొండుకి వస్తానని వెళ్లింది. మిక్సీ బల్ల మీద ఉంది. మరలన్నీ తుప్పు — వీటికి రెండు చేతులూ కావాలి. పాత పనిముట్ల పెట్టె దింపమన్నారు. దింపాను. కుడి చేతిని ఎడమ చేత్తో ఎత్తి, మిక్సీ మీద ఆనించి, అలాగే చూస్తూ కూర్చున్నారు. వేళ్లు కొంచెం కదిలినట్టే ఉంది... నాకు అనిపించిందేమో.