పులిహోరకు పాత పేపరు

శ్రీయుత హౌరా స్టేషను సూపరింటెండెంటు జానకిరామ్ గారి సముఖమునకు,
టికియాపారా రైల్వే క్వార్టర్లలో ఉంటూ వయోజనులకు చదువు చెప్పే పుష్పరాణి వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: గురువారం ఆంధ్రా రైలు వచ్చే వేళ మమ్మల్ని తిరిగి ప్లాట్‌ఫారం మీదికి రానిచ్చుట, మరియు తమ స్వాధీనంలో ఉన్న మా పేపర్ల సంచిని విడుదల చేయుట గురించి.

తమరు ఈ స్టేషనుకు కొత్తగా బదిలీ అయి వచ్చారనీ, తెలుగువారనీ తెలిసి ఈ అర్జీని తెలుగులోనే వ్రాస్తున్నాను. నేను హైస్కూలు వరకే చదువుకున్నాను. గట్టిగా మాట్లాడడం నాకు చేతకాదు. తమ గది ముందు నిలబడి, తమరు ఫోనులో ఉన్నారని తిరిగి వచ్చేశాను. కాగితం మీదైతే నా మాట కాస్త వినపడుతుందని ఆశ.

మా వాడలోని ఆడవాళ్ళకు సాయంత్రం పూట చర్చి వెనుక గదిలో తెలుగు చదవడం నేర్పుతున్నాను. జీతం లేదు, నేను అడగలేదు. నా విద్యార్థినులు కార్పొరేషన్‌లోనూ రైల్వేలోనూ ఊడ్చి, కడిగి, పిల్లలను పెంచినవారు. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, డ్యూటీలో హిందీ మాట్లాడతారు. ఏదీ చదవలేరు. మాకు పంపిన వాచకాలు బెంగాలీవి. ఈ ఊళ్ళో తెలుగు అక్షరం ఎక్కడ దొరుకుతుందా అని వెతికితే, ఆంధ్రా నుండి వచ్చే రైల్లో సీట్ల కింద దొరికింది. ప్రయాణికులు దారిలో చదివి వదిలేసిన పేపర్లు, వారపత్రికలు. ఊరకే అడగడానికి మొహమాటపడి పులిహోర చేసి తీసుకువెళ్ళడం మొదలుపెట్టాము. పేపరు ఇచ్చినవారికి ఆకులో పులిహోర. వారపత్రిక ఇచ్చినవారికి పైన జీడిపప్పు కూడా. వారపత్రికల మీద నా స్వార్థం కొంత ఉందని ఒప్పుకుంటున్నాను. నా దగ్గర మొదలు ఉండి ముగింపు లేని సీరియళ్ళు చాలా ఉన్నాయి.

ఈ అర్జీ ముఖ్యంగా రామమ్మ గారి కోసం. కార్పొరేషన్‌లో ఊడ్చే పని చేసి పదవీ విరమణ చేసిన మనిషి. ఆమె చెల్లెలు పలాస దగ్గర ఉంటుంది. ఒకసారి ఒంటరిగా బయలుదేరితే, పక్కసీటు పెద్దమనిషి "ఇంకా రాలేదమ్మా" అని నిద్రమత్తులో చెప్పాడు. ఆమె శ్రీకాకుళం దాటి వెళ్ళిపోయారు. అప్పటి నుండి కొడుకు వెంట ఉండి దింపి వస్తున్నాడు. "నన్ను పార్సిల్లాగ మోసుకెల్తన్నాడు. బోర్డు నానే సదివి, నానే దిగాల" అని ఆమె క్లాసులో చేరారు. వచ్చే నెలకు టిక్కెట్టు కూడా తీశారు, ఒక్కరికే. ప్రస్తుతం ఆమె "పలాస" అని కూడబలుక్కుని చదవడానికి, రైలు పలాసలో ఆగే సమయం కన్నా కాస్త ఎక్కువ పడుతోంది. ఆ కాస్త తగ్గించడానికే మాకు మరికొన్ని గురువారాలు కావాలి. ఇంతలో మా ఇంటికి తమ సంజాయిషీ నోటీసు వచ్చింది.

నోటీసులోని ఆరోపణలకు మా మనవులు:

1. ప్లాట్‌ఫారం మీదికి రావద్దని గోడకు నోటీసు అతికించిన తరువాత కూడా వచ్చి ఆజ్ఞ ధిక్కరించామని వ్రాశారు. ఆ గోడ నోటీసు ఇంగ్లీషు, హిందీ, బెంగాలీలలో ఉంది. మా క్లాసు తెలుగు మాత్రమే చదువుతుంది. అందరూ దాని ముందు నిలబడి శ్రద్ధగా చూసి, తెలుగు కాదని నిర్ధారించుకొని లోపలికి వచ్చారు. తెలుగులో ఉండి ఉంటే చదివేవారు. కొంత ఆలస్యమయ్యేది, అంతే.

2. అనుమతి లేకుండా తినుబండారాలు అమ్మామని వ్రాశారు. ఎవరి దగ్గరా డబ్బు తీసుకోలేదు. ఫిర్యాదు చేసినది టీ స్టాల్లో లూచీలు, అంటే మైదా పూరీలు, అమ్మే హారాధన్ దాదా అని తెలిసింది. "మాషీ, మీరు పెడితే నా దగ్గర లూచీ ఎవరు తింటారు?" అని ఆయన నన్ను అడిగిన మాట నిజమే. మరుసటి వారం ఆయనే ఒక బెంగాలీ పేపరు మడిచి తెచ్చి ఆకు కోసం చేయి చాపారు. బెంగాలీ పేపరు మాకు పనికిరాదని చెప్పాను. ఫిర్యాదు ఆ తరువాతే వచ్చిందని తమరు గమనించాలి. ఇప్పుడు ఆయనకు పేపరు లేకుండానే పెడుతున్నాము.

3. రైలు ఖాళీ అయిన తరువాత బోగీలో ఉండిపోయామన్నది నిజం. తప్పు మాదే. జరిగినది జరిగినట్టు చెబుతాను.

రామమ్మ గారు, మా పక్క క్వార్టరు గురవమ్మ, నేను పేపర్లు ఏరడానికి స్లీపరు బోగీ ఎక్కాము. చెత్త కనబడితే రామమ్మ గారి చేయి ఆగదు. ఏరుతూ ఏరుతూ సగం బోగీ ఊడ్చేశారు. (బోగీలు ఊడ్పించే కాంట్రాక్టరు ఈ విషయమై కూడా ఫిర్యాదు చేశారట. ఇకపై ఊడ్వకుండా చూస్తాను, కానీ మాట ఇవ్వలేను.) ఒక బెర్తు కింద నూనె మరకల పేపరు దొరికింది. ఆమె దాన్ని తీసి, అలాగే కింద కూర్చుండిపోయారు.

"ప... లా... స. ఓలమ్మా! పలాస!"

అది పలాస సంతలో ఎవరిదో పాడిగేదె తప్పిపోయిన వార్త. ఆమె వేలు పెట్టి చదువుతుంటే మేమిద్దరం ఊపిరి బిగబట్టి విన్నాము. గేదె కొమ్ముకు ఎర్ర రిబ్బను కట్టి ఉందట. యజమానురాలు అన్నం మానేసిందట. సరిగ్గా అక్కడ "మిగతా 7లో" అని ఉంది. ఏడో పేజీ లేదు.

గురవమ్మ కిటికీలోంచి చూసి, "దిగవే తల్లీ, బండి కదిలిపోతంది. గేద నీదేటి?" అంది.

"నాది కాకపోతే ఏటి? మా వోళ్ళ గేదే కదా. దొరికిందో నేదో తెలకండా ఎలాగ దిగుతామే? ఏడో పేజీ ఎతకండే!"

బోధకురాలిగా నేను వారిని దింపవలసింది. దేవుని ఎదుట అబద్ధం చెప్పలేను. అప్పటికి ఏడో పేజీ కోసం నేను కూడా సీటు కింద ఉన్నాను.

4. నిషిద్ధ ప్రాంతమైన యార్డులో ప్రవేశించామని వ్రాశారు. మేము ప్రవేశించలేదు, రైలే తీసుకువెళ్ళింది. మా వారు రైల్వే ఉద్యోగి. పాసు ఉంది, సెలవు లేదు, అందుచేత నా ప్రయాణాలన్నీ ఇంతవరకు పుస్తకాల్లోనే జరిగాయి. ఆ యార్డు మా క్వార్టర్ల వెనుకే. స్టేషనుకు బస్సులో నలిగి వెళ్ళి, వచ్చేటప్పుడు కిటికీ పక్కన కూర్చొని ఇంటి దాకా రైల్లో రావడం నాకు అదే మొదటిసారి. అపరాధమే అయినా చాలా హాయిగా ఉన్నదని విన్నవించుకుంటున్నాను.

5. యార్డులో రైలు కడిగే ఉద్యోగి మా మీద నీళ్ళు కొట్టినందుకు అతని నుండి సంజాయిషీ కోరారని తెలిసింది. ఆ ఉద్యోగి మా వారే. పేరు ఇమ్మానుయేలు. కిటికీ తెరిచి ఉన్నదని ఆయన చూసుకోలేదు. నీళ్ళ గొట్టం దించి చూస్తే నేను.

"ఏటే రాణీ, నువ్విక్కడేటి సేస్తన్నావు?"

"పాఠం చెప్తున్నాను."

"మొత్తం తడిసిపోనావు కదే!"

"మీరు తడిపితే తడవనా?" అన్నాను, మెల్లగానే.

ఆయన అటూ ఇటూ చూసి, "పులిహోర మిగిలిందేటి?" అని అడిగారు.

దయచేసి ఆ ఉద్యోగిపై ఏ చర్యా తీసుకోవద్దు. ఇంట్లో తీసుకోవడం జరిగింది.

6. కాపలా జవాను మమ్మల్ని మర్యాదగానే దింపి, పేపర్ల సంచిని మాత్రం ఆధారంగా పట్టుకుపోయాడు. అంతకు ముందే గురవమ్మకు బాత్రూము పక్కన ఏడో పేజీ దొరికింది. తడిసి ముద్దయింది, విప్పితే చిరిగేలా ఉంది. ఆరాక చదవవచ్చని సంచిలో పైన పెట్టాము. ఇప్పుడు సంచి తమ ఆఫీసు బీరువాలో ఉంది. ఆనాటి నుండి రామమ్మ గారు క్లాసుకు వచ్చి ఏ పాఠమూ చదవడం లేదు. "ముందు గేద సంగతి తేల్చండి" అంటున్నారు. ప్రయాణం దగ్గర పడుతోంది. గేదెను వెతకడానికి అయినా ఆమె చదివేవారు, తమ బీరువా మధ్యలో అడ్డు వచ్చింది.

కావున, తమరు దయ ఉంచి గురువారం ఆ ఒక్క రైలుకు మమ్మల్ని ప్లాట్‌ఫారం చివర నిలబడనివ్వాలనీ, సంచిని ఇప్పించాలనీ కోరుతున్నాను. ప్లాట్‌ఫారం టిక్కెట్లు ఎప్పటిలాగే కొంటాము. ఇకపై బోగీ ఎక్కము. తలుపు దగ్గరే నిలబడి అడుగుతాము. రామమ్మ గారు పలాసలో తనంతట తాను దిగిన రోజున ఆ పుణ్యంలో భాగం తమ ఖాతాలో పడాలని ప్రార్థిస్తాను. అనుమతి ఇవ్వకపోయినా ప్రార్థిస్తాను, అయితే అప్పుడు ప్రార్థన వేరే విషయమై ఉంటుంది.

నా వ్రాతలో తప్పులున్నా, మనవిలో తప్పు లేదని చిత్తగించవలెనని వేడుకుంటూ,

తమ విధేయురాలు,
పుష్పరాణి
టికియాపారా, హౌరా

తా.క. అర్జీతో పాటు డబ్బాలో పులిహోర పంపుతున్నాను. ఇది లంచం కాదు. తమ బల్ల మీద చదివేసిన తెలుగు పేపరు ఏదైనా ఉంటే డబ్బాలో పెట్టి పంపవచ్చు, అప్పుడు లెక్క సరిపోతుంది.

మరొక మాట. సంచిలో పైనున్న ఏడో పేజీ ఈపాటికి ఆరి ఉంటుంది. తమరు తెలుగువారు, ఇంత చదివిన తరువాత బీరువా తెరవకుండా ఉండలేరు. చదువుకోండి. గేదె సంగతి మాత్రం మాకు చెప్పి పంపవద్దు. ఇది వ్రాస్తుంటే రామమ్మ గారు నా భుజం మీదుగా వంగి చూస్తూ, ఒక మాట తప్పక చేర్చమన్నారు:

"ఆఫీసరు బాబు సదివీసినా నాకు సెప్పొద్దను. నానే సదూకుంతాను."